రవ్వల కమ్మలు, ఒంటిరాయి ఉంగరం: వీవీఎస్ కోసం అన్ని పైసలు పెట్టాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇది. చెల్లె పెండ్లికి ఏడు రాళ్ల రవ్వల కమ్మలు ఒక జత, కాబోయే బావగారికి ఒంటిరాయి ఉంగరం కొనాలి. వరంగల్ చౌరస్తా దగ్గరి షాపులో కమ్మలకు ‘ఈఎఫ్, వీవీఎస్’ (రంగులేని, లోపల మచ్చలు అతి తక్కువున్న రాళ్లు) అని ఒక రేటు చెప్పారు. హన్మకొండలో అదే డిజైన్‌కు ‘జీహెచ్, ఎస్ఐ’ (రంగులోనూ మచ్చల్లోనూ కొన్ని మెట్లు కిందివి) అని చాలా తక్కువ చెప్పారు. ఇంకోచోట ఉంగరానికి ల్యాబ్ డైమండ్ (గనిలోంచి కాక యంత్రంలో తయారైన వజ్రం) తీసుకోండి, సగం రేటు కూడా పడదన్నారు. ఇంట్లో పెద్దనాన్న మాత్రం ‘కాకిపాదం ఉన్న రాయి (లోపల కాకి కాలి ముద్రలాంటి పగులున్నది) గడప దాటి రావద్దు’ అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ టెన్షన్.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి. కమ్మలకు జి-హెచ్ రంగు, వీఎస్ క్లారిటీ చాలు (క్లారిటీ అంటే లోపల మచ్చలు ఎంత తక్కువన్నది, వీఎస్ అంటే వీవీఎస్ కింది మెట్టు). రాళ్లు చూసి ఏరుకోగలిగితే ఎస్ఐ కూడా పనికొస్తుంది. ఈఎఫ్-వీవీఎస్‌కు పెట్టే అదనపు డబ్బు మీ చెల్లె చెవికి రెండడుగుల దూరంలో నిలబడ్డ ఎవరికీ కనిపించదు. ఉంగరంలో మాత్రం కట్ (రాయిని సానపట్టిన తీరు) విషయంలో రాజీ పడకండి. కావాలంటే రంగులో ఒక మెట్టు, క్లారిటీలో ఒక మెట్టు దిగండి. ల్యాబ్ డైమండ్ దొంగ సరుకు కాదు, కానీ దాన్ని ఆస్తి లెక్కలో వేసుకోకండి.

నేను సూరత్‌లో రాళ్లు వేరుచేసే పని నేర్చుకొని, తర్వాత ఇక్కడే షాపులకూ అవుసలి పనివాళ్లకూ రాళ్లు చూసి గ్రేడు చెప్పే పనిలో ఉన్నాను. నగలు అమ్మను. కాబట్టి కింద చెప్పేదాంట్లో మీరు ఏది కొన్నా నాకు వచ్చేది, పోయేది లేదు.

షాపులో మొదట బరువు చెప్తారు, తర్వాత వీవీఎస్ అంటారు, ఆ తర్వాత రంగు. కట్ గురించి మనం అడిగితే తప్ప మాట రాదు. కానీ కంటికి కొట్టే మెరుపు చాలావరకు దానిదే. రంగూ క్లారిటీ రాయితో పాటు పుట్టినవి. కట్ ఒక్కటే పూర్తిగా సానపట్టేవాడి చేతిలో ఉంటుంది. అక్కడే వాడికి ఆశ కూడా ఉంటుంది, ఎందుకంటే రాయి అమ్మేది బరువు లెక్కన. సరైన కొలతకు తెస్తే బరువు పోతుంది, బరువు నిలుపుకుంటే మెరుపు పోతుంది.

దీనికి మన ఊరికే సంబంధించిన ఉదాహరణ ఉంది. కోహినూరు భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని, కాకతీయుల నుంచి మాలిక్ కాఫూర్ దండయాత్రలో ఢిల్లీకి పోయిందని మనందరం విన్నాం. చరిత్రకారులు దానికి గట్టి ఆధారం లేదంటారు, ఆ వాదన ఇక్కడ వద్దు. మనకు కావాల్సింది తర్వాత జరిగింది. 1851లో లండన్ ప్రదర్శనలో దాన్ని పెడితే చూడ్డానికొచ్చిన జనం ‘ఇదేనా, గాజుముక్కలా ఉంది’ అని పెదవి విరిచారు. మరుసటి సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించి మళ్లీ సానపట్టించారు. పాత తూకంలో 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. అంతటి రాయికే మెరుపు కోసం అంత బరువు వదులుకోవాల్సి వచ్చింది. సూరత్‌లో సానపట్టే మామూలు రాయిలో నాలుగు సెంట్లు (క్యారెట్‌లో వందో వంతు ఒక సెంటు) వదులుకోవడానికి ఎవరికైనా ప్రాణం ఒప్పదు మరి.

లోపల జరిగేది ఇది. వజ్రంలోకి వెళ్లిన వెలుతురు అంత తేలిగ్గా బయటపడదు, దాని వక్రీభవన గుణకం 2.42. లోపలి గోడను ఆ కిరణం నిటారుగా కాకుండా 24.4 డిగ్రీలకు మించిన వాలులో తాకితే, బయటికి పోకుండా అద్దం మీద పడ్డట్టు వెనక్కి తిరుగుతుంది. కింది భాగం వాలు సరిగ్గా ఉంటే ఒక గోడ నుంచి ఎదుటి గోడకు, అక్కడి నుంచి మళ్లీ పైకి, మన కంట్లోకి వస్తుంది. వాలు తప్పితే అడుగు నుంచి జారిపోతుంది. లోతు ఎక్కువైన రాయి నడిమధ్య నల్లగా కనిపిస్తుంది, దాన్ని నెయిల్‌హెడ్ అంటారు. లోతు మరీ తక్కువైతే పైనున్న చదునైన ముఖం (దీన్నే టేబుల్ అంటారు) లోపల బూడిదరంగు ఉంగరంలా ఒక వలయం కనిపిస్తుంది, అది ఫిష్ఐ. ఈ రెండూ ఒకసారి చూపిస్తే చాలు, తర్వాత ఎవరైనా లూప్ (చిన్న భూతద్దం) లేకుండానే పట్టేస్తారు.

గుండ్రటి రాయికి నేను వెతికే అంకెలు: రాయి అడ్డం కొలతలో టేబుల్ 54 నుంచి 58 శాతం, మొత్తం లోతు 60 నుంచి 62.5 శాతం, పై వాలు 34 నుంచి 35 డిగ్రీలు, కింది వాలు 40.6 నుంచి 41 డిగ్రీలు. ఇవన్నీ జీఐఏ (వజ్రాలకు గ్రేడు ఇచ్చే ల్యాబ్) రిపోర్టులో బొమ్మతో సహా ఉంటాయి. వీటికి అటూ ఇటూ ఉన్న రాయి పనికిరాదని కాదు, కానీ లోతు 64, 65 శాతం అని ఉంటే మీరు కొంటున్న బరువులో కొంత రాయి అడుగున దాక్కుంది. రాయి నడుమును గర్డిల్ అంటారు. అక్కడ ‘థిక్’, ‘వెరీ థిక్’ అని రాసి ఉన్నా అదే సంగతి. తేలిగ్గా పట్టాలంటే మిల్లీమీటర్లు చూడండి. మంచి కట్ ఉన్న ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డం కొలత 6.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అర క్యారెట్‌ది 5.1 నుంచి 5.2. 30 సెంట్లది 4.3. 10 సెంట్లది 3. రాయి అర క్యారెట్ అని చెప్పి కొలత 4.8 మాత్రమే ఉంటే ఎందుకని అడగండి. అర క్యారెట్ నుంచి ఒక క్యారెట్‌కు పోతే ధర రెట్టింపు కన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది, వెడల్పు మాత్రం పావు వంతు పెరుగుతుంది. బడ్జెట్ చిన్నదైనప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

జీఐఏ 2006 నుంచి కట్‌కు గ్రేడ్ ఇస్తోంది: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. ఆ గ్రేడ్ గుండ్రటి బ్రిలియంట్ రాళ్లకు. ఓవల్, పేర్, ప్రిన్సెస్ లాంటి ఆకారాలకు పాలిష్, సిమెట్రీ మాత్రమే రాస్తారు. కాబట్టి ఎవరైనా ఓవల్ రాయి చూపించి ‘ట్రిపుల్ ఎక్సలెంట్’ (కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్) అంటే ఏ మూడు ఎక్సలెంట్లో చూపించమనండి. ఓవల్‌లో మధ్యన నల్లగా బో-టై ఆకారం ఎంత పెద్దగా కనిపిస్తుందో మీ కంటితోనే చూసుకోవాలి, దానికి కాగితం సాయం చేయదు.

ఏడు రాళ్ల కమ్మల్లో సంగతి వేరు. అయిదు సెంట్ల రాయికి విడిగా రిపోర్ట్ ఉండదు. అక్కడ అడగాల్సింది రెండే. ఒకటి, ఫుల్ కట్టా, సింగిల్ కట్టా? ఫుల్ కట్ గుండ్రటి రాయికి 57 లేదా 58 ముఖాలుంటాయి. సింగిల్ కట్‌కు 17 లేదా 18. మరీ చిన్న రాళ్లలో సింగిల్ కట్ చవగ్గా వస్తుంది, దానికో పాత అందం కూడా ఉంది, కానీ ఫుల్ కట్ రేటుకు కాదు. రెండోది, ఏడు రాళ్లూ కలుస్తున్నాయా? ఒక్కో రాయి ఎంత గొప్పదైనా, ఆరు తెల్లగా ఉండి ఒకటి పసుపు దేలితే, సోనా మసూరి అన్నంలో ఉప్పుడు బియ్యం మెతుకు కనిపించినట్టు అదొక్కటే కనిపిస్తుంది. జత కమ్మలు కాబట్టి పధ్నాలుగు రాళ్లు కలవాలి. నన్నడిగితే అన్నీ ఒకే హెచ్ రంగులో ఉన్న జత, ఇ నుంచి ఐ వరకు కలగలిసిన జతకన్నా ఎన్నో రెట్లు మేలు. పాత నగల్లో ఒక రాయి ఊడిపోయి కొత్తది వేయించుకున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

రంగు గురించి ఎక్కువ చెప్పను. డి అంటే పూర్తిగా రంగులేనిది. అక్కడి నుంచి జెడ్ దాకా పసుపో గోధుమో పెరుగుతూ పోతుంది. డి, ఇ, ఎఫ్ ఒక గుంపు. జి నుంచి జె వరకు తర్వాతి గుంపు. ల్యాబ్‌లో రాయిని బోర్లా పెట్టి, పక్కన నమూనా రాళ్లు పెట్టి చూస్తేనే ఈ తేడాలు తేలతాయి. నగలో రాయి మొహం పైకి ఉంటుంది, చుట్టూ పసుపు బంగారం ఉంటుంది, ఆ బంగారం రంగు రాయిలోకి ఎలాగూ దిగుతుంది. పసుపు బంగారంలో డి రంగు రాయి పెట్టించడం నా దృష్టిలో వృథా. బావగారి ఉంగరం తెల్లబంగారంలోనో ప్లాటినంలోనో అయితే జి కన్నా కిందికి దిగొద్దు. పసుపు బంగారమైతే ఐ కూడా బాగుంటుంది.

ఇదే మాటకు ఆనుకొని ఫ్లోరెసెన్స్. నోట్లు చూసే అతినీలలోహిత లైటు కింద కొన్ని వజ్రాలు నీలంగా వెలుగుతాయి. రిపోర్టులో నన్, ఫెయింట్, మీడియం, స్ట్రాంగ్ అని ఉంటుంది. ‘స్ట్రాంగ్’ అన్నవాటిలో కొన్ని ఎండలో పాలు కలిపినట్టు మసకగా కనిపిస్తాయి, అందుకే అవి చవక. మసక లేని రాయి దొరికితే ఐ, జె రంగుల్లో అది లాభమే, పసుపును కొంత చంపుతుంది. మన పెద్దవాళ్లు ‘బ్లూ జాగర్ రవ్వలు’ అని గొప్పగా చెప్పుకునేవి దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటెయిన్ గని పేరు మీద వచ్చిన ఇలాంటి నీలి మెరుపు రాళ్లే. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు చెప్పి ఎక్కువ అడిగితే పేరుకు డబ్బివ్వకండి, రిపోర్టు అడగండి.

ఇక క్లారిటీ, దాంతోపాటు మీ పెద్దనాన్న గారి కాకిపాదం. క్లారిటీ గ్రేడ్ పెట్టేది పది రెట్లు పెద్దగా చూపించే లూప్ కింద. ఎఫ్‌ఎల్, ఐఎఫ్, తర్వాత వీవీఎస్ రెండు, వీఎస్ రెండు, ఎస్ఐ రెండు, చివర ఐ1, ఐ2, ఐ3, మొత్తం పదకొండు మెట్లు. వీవీఎస్‌లో మచ్చ వెతకడానికి అలవాటున్న కన్నుకు కూడా కష్టపడాలి. వీఎస్‌లో వెతికితే దొరుకుతుంది. ఎస్ఐలో లూప్ పెట్టగానే కనిపిస్తుంది, కానీ మామూలు కంటికి చాలాసార్లు కనిపించదు. ఐ మెట్లలో కంటికే కనిపిస్తుంది. అయిదు సెంట్ల రాయి వెడల్పు 2.4 మిల్లీమీటర్లు. అంత చిన్న రాయిలో వీవీఎస్‌కూ వీఎస్‌కూ తేడా పెండ్లి పందిట్లో ఎవరు కనిపెడతారు? కొనేవాడికి పేరు తృప్తి, అమ్మేవాడికి రేటు తృప్తి.

అయితే ఎస్ఐలో అన్నీ ఒకటి కావు, ఇక్కడ గ్రేడు కన్నా మచ్చ ఎక్కడుందన్నది ముఖ్యం. నల్లచుక్క సరిగ్గా టేబుల్ కింద ఉంటే అడుగు ముఖాల్లో దాని నీడలు పడి నాలుగైదు చుక్కలుగా కనిపిస్తుంది. అదే చుక్క అంచున ఉంటే రాయిని పట్టుకునే బంగారు కొన కిందికి పోతుంది. మసకగా పొగలాంటిది రాయంతా పరుచుకొని ఉంటే చుక్క లేకపోయినా వద్దు, మెరుపు చచ్చిపోతుంది.

పాత రత్నపరీక్ష గ్రంథాల్లో వజ్రానికి బిందువు, రేఖ, కాకపదం అని దోషాలు చెప్పారు. కాకి కాలి ముద్రలా కనిపించేది లోపలి పగులు. పెద్దనాన్న గారి భయంలో వ్యవహారపు మాట ఒకటుంది: పగులు రాయి ఉపరితలం దాకా వచ్చి, అదీ అంచున ఉంటే, పొదిగేటప్పుడో తలుపుకు తగిలినప్పుడో అక్కడే చిట్లుతుంది. వజ్రాన్ని గీయడం కష్టం గానీ పగలగొట్టడం కష్టం కాదు, నాలుగు దిశల్లో దానికి చీలే గుణం ఉంది. ‘నిజమైన వజ్రాన్ని సుత్తితో కొట్టినా ఏమీ కాదు’ అన్న మాట నమ్మి ఎవరూ పరీక్ష చేయకండి. కాబట్టి ఆయనతో ‘లోపల ఏమీ లేని రాయి మన బడ్జెట్‌లో రాదు, పైకి తేలిన పగులు, టేబుల్ కింద నల్లచుక్క లేని రాయి తెస్తాను’ అని చెప్పండి, ఒప్పుకుంటారు. మూడు రాత్రులు ఇంట్లో ఉంచుకొని కలలు, శకునాలు చూసి తీసుకుంటామంటే అది మీ ఇంటి ఆచారం, నేను కాదనను. ఆ షరతు మాత్రం డబ్బు కట్టేముందే బిల్లు మీద రాయించండి.

బరువు విషయంలోనే ఇక్కడ ఎక్కువమంది మోసపోతారు, అదీ కూడికలు తీసివేతల్లో. వజ్రం క్యారెట్ అంటే 0.2 గ్రాము, అందులో వందో వంతు సెంటు. కొందరు పాయింట్ అంటారు. బంగారం క్యారెట్‌తో దీనికి సంబంధం లేదు, అది స్వచ్ఛత లెక్క. బిల్లులో గ్రాస్, నెట్ అని రెండు బరువులుంటాయి. గ్రాస్ అంటే నగ మొత్తం, నెట్ అంటే బంగారం ఒక్కటే. ఆ రెండింటి తేడా గ్రాముల్లో ఎంతో దాన్ని అయిదుతో గుణిస్తే రాళ్ల బరువు క్యారెట్లలో రావాలి. కమ్మలు గ్రాస్ 9.860 గ్రాములు, నెట్ 9.580 అనుకోండి. తేడా 0.280. అయిదుతో గుణిస్తే 1.40 క్యారెట్లు. పధ్నాలుగు రాళ్లు కాబట్టి ఒక్కోటి 10 సెంట్లు. రాయి 3 మిల్లీమీటర్లు ఉండాలి. బిల్లులో 1.60 అని రాసి ఉంటే 20 సెంట్లు ఎక్కడివో అక్కడే అడగండి. నెట్ బరువు మీదే బంగారం రేటు, తరుగు పడాలి. నగలో లక్క ఉంటే దాని బరువు కూడా తీసేయాలి, లేకపోతే లక్కను బంగారం రేటుకు కొన్నట్టే.

‘మొత్తం ఒక క్యారెట్ డైమండ్స్’ అన్న మాట కూడా వినబడుతుంది. రెండు సెంట్ల రాళ్లు యాభై కలిపితే ఒక క్యారెట్ అవుతుంది, కానీ అది ఒక క్యారెట్ రాయి కాదు, రేటులో దాని దరిదాపుల్లో కూడా ఉండదు. రాయి పెద్దదయ్యే కొద్దీ క్యారెట్ రేటే పెరుగుతుంది. 30, 50, 70 సెంట్లు, ఒక క్యారెట్ దగ్గర ఆ పెరుగుదల ఒక్కసారిగా ఉంటుంది. అందుకే ఉంగరానికి 50 సెంట్లే కావాలని పట్టుపట్టకుండా 46, 47 సెంట్ల రాయి అడగండి. పైనుంచి చూస్తే తేడా తెలియదు, బిల్లులో తెలుస్తుంది. అలాంటి రాళ్లు తక్కువగా దొరుకుతాయి, రెండు మూడు వారాలు ముందే చెప్పి తెప్పించుకోవాలి.

కాగితాల సంగతి. షాపువాళ్లు తమ పేరుతో అచ్చేసిచ్చే కార్డు గ్యారంటీ కార్డే కానీ ల్యాబ్ రిపోర్టు కాదు. విడి రాయికి జీఐఏ, ఐజీఐ, ఎస్‌జీఎల్ లాంటి బయటి ల్యాబ్ రిపోర్టు ఉండాలి. రిపోర్టు నంబరును ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, బరువు, కొలతలు కలుస్తున్నాయో చూడండి. చాలా రాళ్లకు అదే నంబరు గర్డిల్ మీద లేజర్‌తో రాసి ఉంటుంది, లూప్‌లో చూపించమనండి. రిపోర్టు అసలుదే అయినా రాయి వేరేది అయ్యే అవకాశం ఉంది, అది పట్టించేది ఆ నంబరే. బిగించిన నగకు ఇచ్చే రిపోర్టు ఇంత గట్టిది కాదు. రాయిని విప్పకుండా ఎవరూ కచ్చితంగా తూచలేరు, రంగు కూడా ఒక హద్దులోనే చెప్పగలరు. అందుకే అందులో ‘జి-హెచ్’, ‘వీఎస్-ఎస్ఐ’ అని శ్రేణి రాస్తారు. ఉంగరం రాయిని బిగించకముందే చూసుకోండి, తర్వాత పొదిగించండి. మన అవుసలి పనివాళ్లు మీ ఎదురుగానే పొదుగుతారు, ఒక పూట పని.

బంగారం వైపు: రవ్వల నగలు ఎక్కువగా 18 క్యారెట్లలో చేస్తారు, 22 మెత్తగా ఉండి రాయిని గట్టిగా పట్టదు. కాబట్టి ముద్ర 750 అని ఉండాలి, రేటు కూడా 18 క్యారెట్లదే వేయాలి. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీని (నగ మీది హాల్‌మార్క్ నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. అది బంగారానికి సాక్ష్యం, వజ్రానికి కాదు. రెండు గ్రాములకన్నా తక్కువున్న ముక్కుపుడకలకూ, కుందన్, పోల్కీ, జడావు నగలకూ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. వాటికి షాపు మీది నమ్మకమూ బిల్లు మీది రాతే ఆధారం.

ఇప్పుడు ల్యాబ్ డైమండ్. సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ అని రెండు పద్ధతులు. రెండింట్లో తయారయ్యేది కార్బన్ స్ఫటికమే, వజ్రమే. గట్టిదనం అదే, మెరుపు అదే. షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి బీప్ వినిపించి ‘చూడండి సార్, ఒరిజినల్’ అంటారు. ఆ టెస్టర్ చాలావరకు వేడి ఎంత తొందరగా పాకుతుందో చూస్తుంది, ల్యాబ్ రాయికీ గని రాయికీ తేడా దానికి తెలియదు. పాత రకం టెస్టర్ అయితే మొయిసనైట్‌కు (వజ్రంలా కనిపించే వేరే రాయి) కూడా మోగుతుంది. గని రాయా, ల్యాబ్ రాయా తేల్చాలంటే ల్యాబ్ యంత్రాలే కావాలి. అందుకే బిల్లు మీద ‘నేచురల్’ అనో ‘ల్యాబ్ గ్రోన్’ అనో మాట స్పష్టంగా ఉండాలి. రెండూ లేకుండా ‘డైమండ్’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. చిన్న రవ్వల్లో ఈ కలగాపులగం ఎక్కువ, పొట్లంలో కలిసిపోతే ఏరడం కష్టం.

ల్యాబ్ రాళ్ల ధర కొన్నేళ్లుగా పడుతూనే ఉంది. యంత్రాలు పెరిగే కొద్దీ రాళ్లు పెరుగుతాయి, భూమిలో గని తవ్వడానికి ఉన్నట్టు దానికి హద్దు లేదు. జీఐఏ 2025 అక్టోబరు నుంచి ల్యాబ్ రాళ్లకు పాత పద్ధతిలో డి, ఇ, వీవీఎస్ గ్రేడులు ఇవ్వడం ఆపేసి, ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అని రెండే మాటలు వాడుతోంది. తయారైనవి చాలావరకు మంచి గ్రేడుల్లోనే ఉంటున్నాయి కాబట్టి ఆ మెట్లకు అర్థం లేదన్నది వాళ్ల వాదన. మీకు దీని వల్ల తెలియాల్సింది, ల్యాబ్ రాయిలో ‘డి, వీవీఎస్’ అని చెప్పి పదివేలు ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదని. కంటికి పెద్ద రాయి కావాలి, మళ్లీ అమ్మే ఆలోచన లేదు అంటే ల్యాబ్ రాయి చక్కగా కొనుక్కోండి. బావగారికి చెప్పి కొనండి. చెప్పకుండా పెడితే ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌కు తీసుకెళ్లిన రోజు రెండు ఇళ్ల మధ్య మాట వస్తుంది.

మొయిసనైట్ వజ్రం కాదు, అది సిలికాన్ కార్బైడ్. ఇప్పుడు పెండ్లిళ్లలో విక్టోరియన్ సెట్లన్నీ వాటితోనే వస్తున్నాయి, ఫొటోల్లో బాగుంటాయి. వజ్రంకన్నా రంగుల మెరుపు ఎక్కువ, లూప్‌లో వాలుగా చూస్తే వెనక గీతలు జంటగా కనిపిస్తాయి. మొయిసనైట్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు.

షాపులో లైట్ల కింద రాయి చూడకండి. ఆ స్పాట్‌లైట్లకు ఏ రాయైనా మెరుస్తుంది. బయట గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడండి. తర్వాత మామూలు ట్యూబ్‌లైట్ కింద. నీడలోనూ కదిలిస్తే చమక్కులు వస్తున్న రాయి మంచి కట్ ఉన్నది. రంగు చూడాలంటే తెల్ల కాగితాన్ని మడిచి ఆ మడతలో విడి రాయిని బోర్లా పెట్టి పక్కనుంచి చూడండి. ఊపిరి ఊది ఆవిరి చూడటం, వార్తాపత్రిక అక్షరాల మీద పెట్టి చదవడం, ఇవన్నీ గాజునూ అమెరికన్ డైమండ్‌నూ పట్టడానికి ఎంతో కొంత పనికొస్తాయేమో గానీ గ్రేడు తేల్చవు.

కమ్మలు వెనక మూసిన సెట్టింగ్‌లో ఉంటే రాయి వెనక ఏముందో కనిపించదు. మెరుపు కోసం కింద రేకు పెట్టి ఉండొచ్చు, రంగూ క్లారిటీ దాచే అవకాశం కూడా అక్కడే. పాత పద్ధతి ఏడు రాళ్ల కమ్మలు చాలావరకు అలాంటివే, వాటి అందం వాటిదే, తప్పనను. కానీ మీరు కొత్తగా కొంటున్నారు కాబట్టి వెనక తెరిచి ఉన్నదే అడగండి. కడగడం కూడా తేలిక. నలుగు, పసుపు, నూనె తగిలాక వజ్రం ఒక్కరోజులో మబ్బు పడుతుంది, దానికి జిడ్డు పట్టే గుణం ఉంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు నుంచి రుద్దితే మళ్లీ కొత్తగా ఉంటుంది. మూసిన సెట్టింగ్‌నూ పోల్కీనీ మాత్రం నీళ్లలో ముంచొద్దు, రేకు పాడవుతుంది.

చివరగా మీ రెండు షాపులు. వరంగల్ షాపులో ఈఎఫ్-వీవీఎస్‌కు బదులు జీహెచ్-వీఎస్‌లో అదే డిజైన్ చేయిస్తారేమో అడగండి, చేస్తారు. హన్మకొండ షాపు ఎస్ఐ కమ్మలను బయట వెలుతురులో పధ్నాలుగు రాళ్లూ చూసి, నల్లచుక్కలూ రంగు తేడాలూ లేకపోతే తీసుకోండి, అక్కడ మిగిలే డబ్బును ఉంగరం కట్‌లో పెట్టండి. ఏ షాపైనా బిల్లులో ఈ వివరాలు విడివిడిగా ఉండాలి: బంగారం నెట్ బరువు, స్వచ్ఛత, ఆ రోజు రేటు, రాళ్ల సంఖ్య, క్యారెట్లు, రంగు-క్లారిటీ, క్యారెట్ రేటు, నేచురలా ల్యాబా, మజూరీ, 3 శాతం జీఎస్టీ. ‘రాళ్లు’ అని ఒకే గీతలో మొత్తం వేసే బిల్లు వద్దు. ఎక్స్ఛేంజ్ ఇస్తామంటే ఏ రేటు మీద, కొన్ననాటిదా మార్చుకునేనాటిదా, డబ్బు వెనక్కిస్తారా, వేరే నగే కొనాలా, ఒక రాయి ఊడిపోతే ఎంత తీస్తారు, ఇవన్నీ అదే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన సేల్స్‌మన్ అప్పటికి ఆ షాపులో ఉండకపోవచ్చు. ఉంగరానికి రాయి దొరికాక రిపోర్టులోని కొలతలు, శాతాలు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.